నాయకుల గృహజీవితము ప్రజల కెంతవఱకు?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవములలో తల్లిదండ్రుల నుద్దేశించి చేయు ప్రసంగము పిల్లల చదువును గురించియో, మాతృభాషాభిమానమును గురించియో ఉండుట వాడుక. కార్యదర్శిగారు ఈ యేడు నాకు వేఱొక విషయము నిచ్చిరి. రాజకీయనాయకుల స్వంత జీవితము ప్రజలు పట్టించుకొనవలసిన విషయమా, కాదా అనునది ప్రశ్న. బడి ఆవరణములో ఇట్టి ప్రసంగమేల అని అడిగితిని. ఆయన చెప్పిన కారణము విని మాఱు పలుకక ఒప్పుకొంటిని. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల పెద్ద తరగతుల పిల్లలు ఇండ్లలో విన్న మాటలను బడికి తెచ్చుచున్నారట. ఫలానా అభ్యర్థికి రెండవ సంసారము కలదని, ఫలానా ఆమె భర్తను విడిచి వచ్చినదని, ఫలానావారి కుమారుడు త్రాగునని. మన ఈ సరిహద్దు ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చును. పాఠ్యపుస్తకములు మూడు భాషలలో సకాలమున అందుట కష్టము గాని, వదంతి మాత్రము మూడు భాషలలోను ఒక్క పూటలో అందును.

ఆ పిల్లలనే, ఆ అభ్యర్థి తన ఆస్తి యెంతయని వ్రాసి యిచ్చెను, ఆయన మీద న్యాయస్థానములలో ఏ వ్యాజ్యములు నడచుచున్నవి అని ఉపాధ్యాయుడు అడిగినప్పుడు ఒక్కరును నోరు మెదపలేదట. పిల్లలను అనవలసిన పని లేదు. అదే ప్రశ్న ఈ సభలో వేసినను సమాధానము అంతకంటె మెఱుగుగా ఉండునని నేను ననుకొనను.

ఈ విషయమున మనవారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. "ఆయన యిల్లు ఆయన యిష్టము, మనకు రోడ్డు వేసెనా, నీళ్ళు తెచ్చెనా అన్నదే కావలెను" అనునది మొదటి మాట. "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు గదా, ఇల్లు దిద్దుకొనలేనివాడు ఊరు దిద్దునా" అనునది రెండవ మాట. ఈ రెండును నాకు తృప్తి నీయవు. మొదటిది తెఱువవలసిన తలుపును కూడ మూసివేయును. రెండవది మూసియుంచవలసిన తలుపును బార్లా తెఱచును. పైగా మన సామెతకు రెండవ మాటలో అన్యాయమే జరుగుచున్నది. ముందు నీ వారి మధ్య నీ సామర్థ్యము చూపి తరువాత నలుగురిలోనికి పొమ్ము అని దాని భావము. పొరుగువారి కాపురము మీద తీర్పు చెప్పుటకు దానిని ఎవరును పుట్టింపలేదు.

కావున సామెతలను ప్రక్కకు పెట్టి, ఒక మనిషి చరిత్రను కొంచెము వివరముగా చెప్పుదును. ఆయన మన దేశమువాడు కాడు, మన కాలమువాడును కాడు. అందువలన మన పార్టీల పట్టింపులు అడ్డురాకుండ వినగలము. ఆయన పేరు గ్రోవర్ క్లీవ్‌లాండ్. అమెరికా దేశమునకు 1885 నుండి 1889 వఱకు ఒకసారి, 1893 నుండి 1897 వఱకు మఱియొకసారి అధ్యక్షుడుగా ఉండెను.

ఈయన బఫెలో అను నగరమున న్యాయవాది. 1882లో ఆ నగరమునకు మేయరు అయ్యెను. ఆ యేడే వీధులు ఊడ్చు కాంట్రాక్టు ఒకటి ఆయన ముందుకు వచ్చెను. నగరసభవారు తక్కువ ధర కోరినవానిని విడిచి, అంతకంటె లక్ష డాలర్లకు పైగా ఎక్కువ కోరినవానికి పని ఇచ్చిరి. ఎందులకో మీకు వివరించి చెప్పనక్కఱలేదు. క్లీవ్‌లాండు ఆ తీర్మానమును త్రిప్పికొట్టెను. తన పార్టీవారు, ఎదుటి పార్టీవారు అని చూడక ఇట్టివాటిని ఆపుచుండుట చేత ఆయన పేరు నగరము దాటి పోయెను. 1883లో న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరు అయ్యెను. 1884లో డెమోక్రాటిక్ పార్టీవారు ఆయనను దేశాధ్యక్ష పదవికి నిలిపిరి.

ఆ యేటి జూలై 21వ తేదీన బఫెలోలోని ఒక సాయంకాల పత్రిక ఒక వార్తను వెలువరించెను. పదేండ్ల క్రిందట, 1874లో, మరియా హాల్పిన్ అను విధవరాలికి పుట్టిన మగశిశువునకు క్లీవ్‌లాండు తండ్రియని ఆ వార్త సారాంశము. అప్పటికి క్లీవ్‌లాండు అవివాహితుడు. పార్టీవారు గుండెలు బాదుకొనిరి. ఏమని బదులు చెప్పవలెనని స్నేహితులు అడుగగా, జరిగిన సంగతినే చెప్పుడని ఆయన తంతి పంపెను. శిశువు పోషణకు ధనమిచ్చిన మాట నిజమేయని ఒప్పుకొనెను. ఎదుటి పార్టీవారు ఊరేగింపులలో ఆ తండ్రిలేని బిడ్డ పేరిట ఎగతాళి పాటలు కట్టి పాడిరి.

ఎదుటి పార్టీ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్. ఆయన గృహస్థుగా పేరుగన్నవాడు. కాని శాసనసభాధ్యక్షుడుగా ఉన్న కాలమున ఒక రైలు కంపెనీకి అనుకూలముగా వ్యవహరించి, దాని బాండుల అమ్మకములో లాభము పొందెనని ఆరోపణ కలదు. దానికి సంబంధించిన ఉత్తరములు 1876లో బయటపడినవి. తరువాత వెలువడిన ఒక ఉత్తరమున, చదివిన పిమ్మట దీనిని కాల్చివేయుమని ఆయనయే వ్రాసియుండెను. కాల్చవలసినవాడు కాల్చలేదు.

ఇప్పుడు ఓటరు ముందు ఇద్దఱు మనుష్యులు నిలిచిరి. ఒకనికి ఇంటి విషయమున మచ్చ కలదు, ప్రజాధనము విషయమున లేదు. మఱియొకనికి ప్రజాపదవి విషయమున మచ్చ కలదు, ఇంటి విషయమున లేదు. అప్పుడొక పెద్దమనిషి చమత్కారముగా ఒక ఉపాయము చెప్పెనట. ఉద్యోగమున శుభ్రముగా ఉన్నవానిని ఉద్యోగమునకు పంపి, ఇంటివద్ద శుభ్రముగా ఉన్నవానిని ఇంటికి పంపినచో ఇద్దఱును తమకు తగిన చోట ఉందురని. క్లీవ్‌లాండు గెలిచెను. ఫలితమును నిర్ణయించిన న్యూయార్కు రాష్ట్రమున ఆయనకు వచ్చిన ఆధిక్యము వేయి పైచిలుకు ఓట్లు మాత్రమే. ఓటర్లందఱును ఇట్లు తూచి చూచి ఓటు వేసిరని నేను చెప్పను. ఎన్నిక ముందర ఒక మతగురువు బ్లెయిన్ సమక్షమున కాథలిక్కులను కించపఱచు మాట అనుట, దానిని బ్లెయిన్ ఖండింపకపోవుట కూడ ఆయనకు నష్టము చేసినవి. అయినను ఇంటి మచ్చను ఎఱిగియే లక్షలాది జనులు క్లీవ్‌లాండును ఎన్నుకొనిరన్నది నిజము.

ఇంకొక్క సంగతి. ఆ ఎన్నికలలోనే బ్లెయిన్ దంపతుల వివాహమునకును, వారి మొదటి బిడ్డ జననమునకును నడుమ కాలము చాలదని చూపు కాగితములను ఒకడు క్లీవ్‌లాండు వద్దకు తెచ్చెను. క్లీవ్‌లాండు వాటిని తీసికొని, చించి, పొయ్యిలో వేయించెను. ఆయన పార్టీ పత్రిక ఒకటి తరువాత ఆ కథను ఎటులో సంపాదించి అచ్చువేసెను, అది వేఱు విషయము.

ఈ కథను ఇంతటితో ఆపినచో చాల అందముగా ఉండును. ఇంటి సంగతి ఇంటిది, ఊరి సంగతి ఊరిది అని నేను కూర్చుండవచ్చును, మీరు చప్పట్లు కొట్టవచ్చును. కాని పదేండ్లుగా ఈ కథలో నోరులేక నిలిచియున్న ఒక మనిషిని మనము ఇంకను విచారింపలేదు.

మరియా హాల్పిన్ బట్టల దుకాణమున పనిచేసి పొట్టపోసికొన్న స్త్రీ. బిడ్డ పుట్టిన కొంతకాలమునకు ఆమెను పిచ్చివారి ఆశ్రమమున చేర్చిరి. ఆమెకు మతిభ్రంశము లేదని కొద్ది దినములలోనే విడిచిపెట్టిరి. బిడ్డను అనాథాశ్రమమున ఉంచి, తరువాత వేఱొక కుటుంబమునకు పెంపున కిచ్చిరి. 1884 అక్టోబరులో ఆమె ఒక ప్రమాణపత్రము వ్రాసి యిచ్చి, తన యిష్టము లేకుండ క్లీవ్‌లాండు తనను బలాత్కరించెనని చెప్పినది. అందులోని నిజానిజములను ఏ న్యాయస్థానమును విచారింపలేదు. ఆయన పక్షమువారు ఆమె శీలమును నిందించిరి. ఆయన ప్రత్యర్థులు ఆమె దుఃఖమును ఊరేగింపులలో పాడుకొనిరి. ఆమె మాటను ఆమె మాటగా విన్నవారు ఎవరు? ఆయనకు అధ్యక్ష పదవి వచ్చినది. ఆమెకు బిడ్డ కూడ దక్కలేదు.

మనకు ఈ సంగతి క్రొత్తది కాదు. ఉత్తరకాండ కథ మన ఇండ్లలో ఎఱుగనివారు లేరు. 1963లో వచ్చిన "లవకుశ" చిత్రమును చూచి కన్నీరు కార్చిన తల్లులు ఈ సభలోనే కొందఱు ఉందురు. రాజు గృహమును గురించి పౌరుడొకడు అన్న మాట రాజు చెవిని పడినది. రాజు సింహాసనము మీదనే ఉండెను. అడవికి పోయినది ఎవరో మీరెఱుగుదురు. రాముడు చేసినది ధర్మమా కాదా అని పండితులు ఎంతయో చర్చించిరి, ఆ చర్చలోనికి నేను పోను. ఒక్క మాట మాత్రము చెప్పుదును. ఆ కథలో నిందను మోసినది నింద చేసినవాడు కాదు, రాజును కాదు.

ఇంగ్లండులో 1963లో జరిగినదియు ఇట్టిదే. జాన్ ప్రొఫ్యూమో అను యుద్ధమంత్రి ఒక యువతితో తనకు అనుచిత సంబంధము లేదని పార్లమెంటులో నిలిచి చెప్పెను. అది అబద్ధమని తేలిన పిమ్మట ఆ యేడు జూనులో రాజీనామా ఇచ్చెను. తరువాత పేదలకు సేవచేసి 1975లో ప్రభుత్వ గౌరవమును కూడ పొందెను. ఆ యువతి క్రిస్టీన్ కీలర్. ఆమెకు వేఱొక వ్యాజ్యమున అబద్ధసాక్ష్యము చెప్పినదని తొమ్మిది నెలల జైలుశిక్ష పడినది. జీవితాంతము ఆ పేరే ఆమెను వెన్నంటినది. సభలో అబద్ధమాడిన మంత్రి పదవి విడువవలసినదే, అందు సందేహము లేదు. కాని ఆ సంగతిని చెప్పుకొన్న జనము ఎవరిని మఱచిరి, ఎవరిని మఱవలేదు అన్నది గమనింపుడు.

మరల క్లీవ్‌లాండు వద్దకు వత్తము. ఆయన 1886లో అధ్యక్ష భవనములోనే ఫ్రాన్సెస్ ఫోల్సమ్ అను ఇరువదియొక్క యేండ్ల యువతిని వివాహమాడెను. నూతన దంపతులు కొండప్రాంతమునకు పోగా పత్రికల విలేకరులు వెంటబడి, దుర్భిణులతో వారి కుటీరమును చూచుచు కూర్చుండిరి. 1888 ఎన్నికల కాలమున ఆయన భార్యను కొట్టునని పుకారు పుట్టించిరి. ఆమె స్వయముగా ఉత్తరము వ్రాసి, అది అబద్ధమని ఖండింపవలసి వచ్చినది. ఈ దుర్భిణుల వార్తలు ఏ ఓటరునకును దేనికిని ఉపయోగపడలేదు. దీనిని గురించి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

చెప్పవలసినది 1893 నాటి సంగతి. క్లీవ్‌లాండు రెండవసారి అధ్యక్షుడైన ఆ యేడు అమెరికాలో బ్యాంకులు కూలుచుండెను, రైలు కంపెనీలు దివాలా తీయుచుండెను. నాణెములకు బంగారము ఆధారముగా ఉండవలెనా, వెండిని కూడ కలుపవలెనా అని దేశము రెండుగా చీలియుండెను. అధ్యక్షుడు బంగారము పక్షము, ఉపాధ్యక్షుడు స్టీవెన్‌సన్ వెండి పక్షము. వెండి చట్టమును రద్దు చేయించుటకై ఆగస్టు 7వ తేదీన కాంగ్రెసు ప్రత్యేక సమావేశమును అధ్యక్షుడు పిలిచియుండెను. అట్టి సమయమున ఆయన నోటిలో, పై దవడ వద్ద, వ్రణమొకటి కనబడినది. వైద్యులు శస్త్రచికిత్స తప్పదనిరి. ఆ సంగతి బయటికి పొక్కినచో ఆర్థిక కలవరము పెరుగునని ఆయన భయపడెను.

జూలై 1వ తేదీన ఒక స్నేహితుని విహారనౌక మీద, నీటి నడుమ, ఆయన పై దవడలో ఒక భాగమును, కొన్ని దంతములను వైద్యులు తీసివేసిరి. ఆ నెలలోనే రెండవసారి కూడ శస్త్రము చేసిరి. పోయిన దవడ స్థానమున రబ్బరుతో చేసిన దానిని అమర్చిరి. మాట స్పష్టముగా వచ్చుచుండుట చేత ఎవరికిని అనుమానము కలుగలేదు. కీళ్ళనొప్పులనియు, పంటినొప్పియనియు ప్రజలకు చెప్పిరి. ఆయన కేమైన జరిగినచో ఆ స్థానమున కూర్చుండవలసిన ఉపాధ్యక్షునికి సయితము తెలియనీయలేదు.

ఆగస్టు 29వ తేదీన ఎడ్వర్డ్స్ అను విలేకరి ఫిలడెల్ఫియా పత్రికలో జరిగినదంతయు వ్రాసెను. వ్రాసినదంతయు నిజము. అధ్యక్షుని పరివారము దానిని కొట్టిపాఱవేసినది. తోటి పత్రికలు ఎడ్వర్డ్స్‌ను అబద్ధాలకోరు అనినవి. ఆ మచ్చ ఆయన మీద ఇరువదినాలుగేండ్లు నిలిచెను. క్లీవ్‌లాండు 1908లో మరణించెను. శస్త్రచికిత్సలో పాల్గొన్న కీన్ అను వైద్యుడు 1917లో నిజమును ప్రకటించిన పిమ్మటగాని ఆ విలేకరికి న్యాయము జరుగలేదు.

క్లీవ్‌లాండు చేసినది దేశము మేలుకొఱకేయని వాదించువారు కలరు. చట్టము రద్దయ్యెను, ఆయన కోలుకొనెను, ఎవరికి నష్టము కలిగినదని వారి ప్రశ్న. ఆయన కోలుకొనుట అదృష్టము. శస్త్రచికిత్స వికటించియుండినచో, వెండి పక్షము వాడొకడు ఉదయము లేచి తాను అధ్యక్షుడనైతినని తెలిసికొనవలసి యుండెడివాడు. దేశమునకు అంతకంటె కలవర మేమి కావలెను? రోగము ఎవరికైనను స్వంత విషయమే. నా రోగము నాది, మీ రోగము మీది. కాని దేశమును నడపుదునని మాట యిచ్చినవాడు, నడపలేని స్థితి రావచ్చునని తెలిసి దాచినప్పుడు, ఆ రోగము ఆయన ఒక్కనిది కాదు.

చూడుడు, ఎంత వింతయో! ఒక్క మనిషి జీవితమున, ప్రజలకు పనికిరాని సంగతులను పత్రికలు దుర్భిణులతో వెదకినవి. తెలియవలసిన సంగతిని వ్రాసినవానిని తరిమినవి. నడుమ, విచారింపవలసిన ఒక స్త్రీ ఆరోపణను ఇరుపక్షములును వాడుకొని పాఱవేసినవి.

దీనినిబట్టి నేను గ్రహించినది ఇది. "ఇది ఇంటి విషయమా, బయటి విషయమా" అని అడుగుట వలన లాభము లేదు, ఏలయన ఇంటికిని బయటికిని నడుమ గోడ ఎక్కడ ఉన్నదో ఎవరికి తోచినట్లు వారు చెప్పుదురు. మనము ఈ మనిషి చేతిలో పెట్టినదేమి, ఈ సంగతి దానిని తాకుచున్నదా అని అడుగవలెను. మనము ఆయన చేతిలో పెట్టినది మన పన్నుల ధనము, మన కొఱకు చట్టము చేయు అధికారము, మన తరపున ఆడు మాట. భార్యతో ఆయనకు పొత్తు కుదిరినదా లేదా అన్నది ఈ మూడింటిని తాకదు. భార్య పేరిట కాంట్రాక్టు తీసికొనెనా అన్నది మూడింటిని తాకును. కుమారుడు పరీక్ష తప్పుట తాకదు. తప్పిన కుమారునికి తండ్రి పదవి ఉద్యోగము తెచ్చుట తాకును. ఇక ఇంటిలో మఱియొకరి మీద దౌర్జన్యము జరిగినచో అది మొదటినుండియు ఇంటి విషయము కాదు. అది నేరము. నేరమును గృహచ్ఛిద్రమని పేరు మార్చి మూసిపెట్టుట మన సంఘములో చాలకాలముగా నడచుచున్న దురాచారము.

మన వారిలో ఈ తేడాను కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాగుగా ఎఱిగియుండిరి. 1874లో ఆరంభమైన తమ "వివేకవర్ధని"లో వారు రాజమహేంద్రవరపు ఉద్యోగుల లంచగొండితనమును ఎండగట్టిరి. పెద్దమనుష్యులు వేశ్యలను ఉంచుకొనుటను కూడ ఖండించిరి. రెండవది స్వంత విషయము గాదా అని నేడు మనకు తోచవచ్చును. ఆనాడు అది చాటున జరిగినది కాదు. శుభకార్యములలో బహిరంగముగా, గొప్పతనమునకు గుఱుతుగా చేసిన ప్రదర్శనము. గొప్పకు బయట పెట్టుకొన్నదానిని విమర్శించిన వానిని, మా యింటిలోనికి తొంగిచూచితివని నిందించుట చెల్లదు. నేటి నాయకులలోను భార్యాబిడ్డలను వేదిక మీద నిలిపి, మా కుటుంబమును చూచి ఓటు వేయుడని అడుగువారు కలరు. అడిగినవారు, చూచినప్పుడు కోపగింపరాదు.

మన న్యాయస్థానములు ఈ విషయమున ఎట్లు నడచినవో క్లుప్తముగా చెప్పుదును. 1994లో సుప్రీంకోర్టు ముందుకు తమిళనాడు నుండి ఒక వ్యాజ్యము వచ్చెను. మరణశిక్ష పడిన ఖైదీ ఒకడు వ్రాసిన ఆత్మకథను, అందులో తమ పేర్లు వచ్చునని భయపడిన అధికారులు, ఒక తమిళ వారపత్రికలో రాకుండ ఆపజూచిరి. తీర్పు వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి గారు. ప్రతి పౌరునికి తన వివాహము, కుటుంబము, సంతానము మొదలగు విషయములలో ఒంటరిగా విడువబడు హక్కు కలదని వారు చెప్పిరి. అధికారులు తమ ఉద్యోగధర్మమునకు సంబంధించిన పనుల విషయమున ఆ హక్కు చాటున దాగజాలరనియు చెప్పిరి. అత్యాచారమునకు గుఱియైన స్త్రీ పేరును, న్యాయస్థానపు కాగితములలో ఉన్నను, పత్రికలకు ఎక్కింపరాదనియు చెప్పిరి. మరియా హాల్పిన్ కాలమున ఇట్టి మాట చెప్పువారు లేకపోయిరి.

2002 మే 2వ తేదీన అదే న్యాయస్థానము, అభ్యర్థి తన మీదనున్న నేరారోపణములను, తనయు తన భార్యయు తన మీద ఆధారపడినవారును కలిగియున్న ఆస్తిని, బాకీలను, తన చదువును ఓటర్లకు తెలుపవలెనని తీర్పిచ్చెను. పార్లమెంటువారు దానిని కుదింపజూచిరి. అన్ని పార్టీలును ఏకమైన అరుదైన సందర్భములలో ఇదియొకటి. 2003 మార్చి 13వ తేదీన న్యాయస్థానము ఆ కుదింపును కొట్టివేసెను. నాటినుండి ప్రతి అభ్యర్థియు నామినేషనుతో అఫిడవిట్ అనబడు ప్రమాణపత్రము నీయవలసియున్నది. తప్పు వ్రాసినచో ఆఱు నెలలవఱకు జైలుశిక్ష గాని, జుల్మానా గాని, రెండును గాని పడవచ్చును. 2018లో ఆదాయము ఎక్కడనుండి వచ్చినదో కూడ చెప్పవలెననిరి. 2024 ఏప్రిల్‌లో, అరుణాచల ప్రదేశమునుండి వచ్చిన ఒక వ్యాజ్యములో, అభ్యర్థి తన ప్రతి చిన్న వస్తువును లెక్కచెప్ప నక్కఱలేదని, ఓటరునకు సంబంధములేని విషయములలో ఆయనకును గోప్యత కలదని చెప్పిరి. మన చట్టము భార్య బ్యాంకు లెక్కను తెఱచినది, పడకగదిని తెఱువలేదు. నాకు ఈ గీత సరియైన చోటనే పడినదని తోచుచున్నది.

ఇప్పుడు మన సంగతి. మనము ఈ రాష్ట్రమున కొలదిమందిమి. తరతరములుగా ఇక్కడి నీరు త్రాగి, ఇక్కడి మన్ను దున్ని బ్రదికినవారమే అయినను, పురపాలక సంఘములో, పంచాయతీలో మన భాష మాటలాడు సభ్యులు ఒకరో ఇద్దఱో ఉందురు. బడికి ఒక గది కావలెనన్నను, తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ నింపించవలెనన్నను వారి వద్దకే పోవలెను. అందువలన మనకు ఒక జబ్బు పట్టినది. మనవాడు లెక్కలలో తప్పుచేసినను "పోనీ, మనవాడు గదా" అని మూసిపెట్టుదుము. ఎదుటివాని కాపురములో తప్పున్నచో దానిని నలుగురికి చెప్పి తృప్తిపడుదుము. రెండును తలక్రిందుల పనులే. మనవాని లెక్కలు తప్పినచో పోయెడిది మన పిల్లల బడి ధనము.

స్త్రీల విషయమున ఇది మఱింత చెడుగు చేయుచున్నది. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణల వలన స్థానిక సంస్థలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు లభించినవి. తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములలో అది సగమునకు పెరిగినది. స్థానములు ఉన్నవి. నిలువుమన్నచో మన ఆడపడుచులు వెనుకాడుచున్నారు. చదువులేక కాదు, తెలివిలేక కాదు. రాత్రి ఎనిమిది గంటలకు సమావేశమునుండి వచ్చిన పురుషుని "ప్రజాసేవ చేసి వచ్చెను" అందురు. అదే గంటకు వచ్చిన స్త్రీని ఏమందురో ఆమెకు తెలియును. ఈ సంఘపు కార్యవర్గములో సయితము ఎన్ని సంవత్సరములనుండి స్త్రీల స్థానములకు పేర్లు రాక, చివరి దినమున ఎవరి భార్యనో బ్రతిమాలి నింపవలసి వచ్చుచున్నదో కార్యదర్శిగారిని అడుగుడు. వదంతికి పురుషుడు చెల్లించు ధర ఒకటి, స్త్రీ చెల్లించు ధర వేఱొకటి. మనము టీకొట్టు వద్ద సరదాకు అన్న మాట, సెల్‌ఫోనులో నవ్వుచు పంపిన మాట, ఒక సమర్థురాలిని ఇంటిలో కూర్చుండబెట్టినచో ఆ నష్టము ఆమెకు మాత్రమే కాదు.

కొందఱు తండ్రులు నన్ను అడుగుదురు, "పిల్లలకు శీలవంతులైన నాయకులను చూపవలదా?" అని. చూపుడు. ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి కథ చెప్పుడు. చెన్నపురిలో బారిస్టరుగా విస్తారముగా ఆర్జించి, ఆ ధనమంతయు దేశము పనికి వెచ్చించి, ముఖ్యమంత్రి పదవులు నిర్వహించియు 1957లో ధనవంతుడు కాకుండనే కన్నుమూసిరి. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో తన గృహజీవితపు లోపములను తానే వ్రాసికొనెనని చెప్పుడు. తన తలుపు తాను తెఱచుటకును, పరుల తలుపు మనము పగులగొట్టుటకును గల భేదము పదునాలుగేండ్ల పిల్లవానికి సులభముగానే తెలియును.

చివరిగా ఒక ప్రకటన. నేను కోరగా ఉపాధ్యాయులు, గత ఎన్నికలలో మన నియోజకవర్గమున పోటీచేసిన అభ్యర్థుల ప్రమాణపత్రములను ఎన్నికల సంఘపు వెబ్‌సైటునుండి తీసి, అచ్చువేయించి, అన్ని పార్టీలవారివియు ఒకే దారమున కుట్టి గ్రంథాలయములో బల్లమీద ఉంచిరి. సభ ముగిసిన తరువాత ఫలాహారమునకు పోవుత్రోవలోనే గ్రంథాలయ మున్నది. మీ పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడుడు. ఆస్తి పట్టికకంటె ముందు బాకీల పట్టికను, వ్యాజ్యముల పుటను చూచుట మంచిది. అక్షరములు చాల చిన్నవి, కళ్ళజోళ్ళు తెచ్చుకొన్నవారు తేనివారికి చదివి వినిపింపుడు.